బీపీ బాబాయి

రైలు రాత్రి పదిన్నరకి. ఇంటి నుంచి బెజవాడ స్టేషనుకి ఆటోలో పావుగంట. బాబాయి మాత్రం ఏడింటికే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడతాడు. లోపల పెరుగన్నం కలుపుతున్న పిన్నితో, వీధి వీధంతా వినపడేలా, "నన్ను టెన్షన్ పెట్టొద్దని చెప్పానా? బీపీ పెరుగుద్ది!" అంటాడు. ఏడున్నరకల్లా ప్లాట్‌ఫారం మీద ఉంటారు. అక్కడ మూడు గంటలూ ఆయన ఖాళీగా కూర్చోడు. వచ్చిన ప్రతి బండికీ లేచి సంచులు సర్దుతాడు, గూడ్సుబండితో సహా.

ఇలాంటి బాబాయిలు మనకి కొల్లలు. కొన్ని ఇళ్లలో మేనమామగా వెలుస్తారు, ఆఫీసులో సూపరింటెండెంటుగా, అపార్ట్‌మెంట్లో సెక్రటరీగా. గుర్తుపట్టడం తేలిక. మిగతావాళ్లు "నాకు బీపీ ఉంది" అంటారు, వీళ్లు "నా బీపీ" అంటారు, నా పొలం, నా ఇల్లు అన్నంత దర్జాగా. పెళ్లిపందిట్లో వంటవాళ్లనీ, సన్నాయివాళ్లనీ, చివరికి పెళ్లికొడుకునీ గదమాయించి వచ్చి, ఉన్న ఒక్క ఫ్యానునీ తనవైపు తిప్పుకుని, "నాతో ఎవరూ మాట్లాడకండి, నా బీపీ ఇప్పుడు నూటఅరవై" అంటారు. మిషను అక్కర్లేదు, లోపలే తెలిసిపోతుందట! అసలు బీపీ పెరిగినా చాలామందికి ఏ లక్షణమూ కనపడదనీ, దాని ప్రమాదమంతా అందులోనే ఉందనీ డాక్టర్లు మొత్తుకుంటారు. బాబాయికి ఈ ముక్క చెప్పి చూడండి, అదొక టెన్షను.

బెంగళూరులో కొడుకు ఫోనెత్తకపోతే మళ్లీ మళ్లీ చేస్తాడు. తర్వాత కొడుకు రూమ్మేటుకి, ఆ తర్వాత గుడివాడలో ఉన్న రూమ్మేటు తండ్రికి. కొడుకు స్నానం చేసి తువ్వాలుతో బయటికొచ్చేసరికి మూడు ఊళ్లలో నిద్రలు పోయి ఉంటాయి. అప్పుడు బాబాయి హాయిగా పడుకుంటాడు.

ఇక పథ్యం. ఉప్పు తగ్గించమన్నారు. పప్పులో చిటికెడు ఎక్కువైతే కంచం వెనక్కి నెడతాడు. కానీ ఆవకాయ? "అందులో ఉప్పు నిలవ కోసం వేసిందిరా, తినడానికి కాదు!"

ఇంత టెన్షనుపడే మనిషికి కడుపులో పుండైనా లేదేమిటా అని నాకు చాలాకాలం ఆశ్చర్యంగా ఉండేది. 1970ల్లో అమెరికాలో జే వైస్ అనే పరిశోధకుడి బృందం ఎలుకలకి కరెంటు షాకులిచ్చి చూసింది. ఒంటరిగా షాకు తిన్న ఎలుకల కడుపులో పుళ్లు ఎక్కువ పడ్డాయి. పక్కన ఇంకో ఎలుక ఉండి, దానితో కలబడే వీలున్నవాటికి తక్కువ పడ్డాయి. బాబాయి ఇదేదీ చదివి ఉండడు. అయినా ఆయన ఒంటరిగా టెన్షను పడగా చూసినవాళ్లు లేరు. పక్కన ఎప్పుడూ పిన్ని ఉంటుంది.

పిన్ని మాట ఎక్కడా వినపడదు. మంచానపడ్డ అత్తగారికి ఏళ్ల తరబడి నీళ్లు పోసి, అన్నం తినిపించి, అర్ధరాత్రి పిలుపులకి లేచింది ఆవిడే. అమెరికాలోని ఒహాయోలో జానిస్ కీకోల్ట్ గ్లేజర్ బృందం, మతిపోయిన పెద్దవాళ్లకి సేవ చేస్తున్న ఆడవాళ్ల చేతిమీద చిన్న గాటు పెట్టి, మానడానికి ఎన్నాళ్లు పడుతుందో లెక్కపెట్టి 1995లో ప్రకటించింది. అదే వయసులో, ఆ చాకిరీ లేనివాళ్లకంటే వీళ్లకి సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. కత్తిపీటకి తెగిన పిన్ని వేలు ఎన్నాళ్లకి మానిందో మా ఇంట్లో ఎవరూ లెక్కపెట్టలేదు. పసుపద్దుకుని అంట్లు తోముకుంది.

మొన్న సంక్రాంతికి బాబాయి బీపీ మిషను కొన్నాడు. కాలు మీద కాలు వేసుకుని, చొక్కా చెయ్యి మీదే పట్టీ చుట్టుకుని, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని కేబులువాడిని తిడుతూ బటన్ నొక్కాడు. 168. "చూశారా!" అని మిషనుని ఇల్లంతా తిప్పి చూపించాడు. ఫస్టుక్లాసు మార్కులొచ్చిన పిల్లాడి మొహంలో కూడా అంత వెలుగుండదు.

మెడిసిన్ చదువుతున్న మా అక్క కూతురు ఊరుకోలేదు. "చిన్న తాతయ్యా, కాళ్లు రెండూ నేలమీద పెట్టండి. వెనక్కి ఆనుకోండి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో. అయిదు నిమిషాలు మాట్లాడకూడదు" అంది. అయిదు నిమిషాల మౌనం! ఆయన జీవితంలో అంత కష్టం ఇంకోటి లేదు. పట్టీ తిన్నగా కట్టి చూస్తే 126. ఇంకోసారి చూస్తే 124.

బాబాయి మొహం మాడిపోయింది. "మిషను పాడైంది. ఇచ్చేసి రావాలి."

"ఇచ్చేముందు అమ్మమ్మకి కూడా చూద్దాం" అని అది పిన్నిని వంటింట్లోంచి లాక్కొచ్చి, అదే కుర్చీలో, అదే పద్ధతిలో కూర్చోబెట్టింది. 158. మళ్లీ చూసింది. 156.

ఎవరికీ ఏమనాలో తోచలేదు. "రేపు డాక్టరుకి చూపిద్దాం అమ్మమ్మా" అంది పిల్ల.

"మిషను పాడైందన్నారుగా మీ తాతయ్య" అంటూ పిన్ని పట్టీ ఊడదీసుకుని పొయ్యి దగ్గరికెళ్లిపోయింది. అరిసెలు మాడుతున్నాయి.

బాబాయి మెల్లిగా ఫోను తీశాడు. ముందు కొడుక్కి, తర్వాత మా నాన్నకి, ఆ తర్వాత గుడివాడకి. "ఇంట్లో ఆవిడకి బీపీ అంట. నాకిక్కడ ఎంత టెన్షనుగా ఉందో ఎవరికైనా పట్టిందా?"