నేను కొట్టేసిన జవాబు

ఎమ్మిగనూరులో ముప్పై ఏళ్ళు సోషల్ పాఠాలు చెప్పాను. ఆ ముప్పై ఏళ్ళలో నేను చేసిన అన్నిటికన్నా తెలివితక్కువ పని, ఒక పిల్లవాడి జవాబుపత్రం మీద గీసిన ఎర్రగీత.

అది 2007. 1857 తిరుగుబాటుకు 150 ఏళ్ళు నిండాయని సభలు జరుగుతున్న ఏడు. ఆ ఊపులో పరీక్షకు ఐదు మార్కుల ప్రశ్న ఒకటి ఇచ్చాను: మన ప్రాంతంలో ఆంగ్లేయుల మీద జరిగిన తొలి పోరాటం గురించి రాయండి. నాకు కావలసింది ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడటం, గిద్దలూరు వైపు జరిగిన పోరు, 1847 ఫిబ్రవరి 22న ఉరి. అందరూ అదే రాశారు. దేవనకొండ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక పిల్లవాడు మాత్రం తెర్నేకల్ అని రాశాడు. ముత్తుకూరు గౌడప్ప అని రాశాడు. 1801 అని ఏడాదితో సహా రాశాడు. పేజీకి అడ్డంగా గీత కొట్టి సున్నా వేశాను.

వారం తిరక్కుండా వాళ్ళ తాత బడికి వచ్చాడు. ఆదోని యార్డులో పత్తి దించి, అట్నుంచి అటే వచ్చినట్టున్నాడు, భుజం మీది తువ్వాలుకు ఇంకా దూది అంటుకొని ఉంది.

"వాడు రాసింది నేను చెప్పిందే సార్. కుంపిణీ దండును మా ఊరోళ్ళు ఒకతూరి ఎనక్కి తరిమినారు."

"అది శిస్తు కాడ జరిగిన గలాటా, తాతా. దాన్ని స్వాతంత్ర్య పోరాటం అనరు. పుస్తకంలో కూడా లేదు."

"పుస్తకం రాసినోళ్ళు మా ఊరికి వచ్చినారా సార్?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు.

రిటైరయ్యాక దత్త మండలాల చరిత్ర చదువుతుంటే తెర్నేకల్ పేరు ఎదురైంది. నిజాం 1800 అక్టోబరులో బళ్ళారి, కడప సీమలతో పాటు మన ఆదోనిని కూడా కుంపిణీకి ధారపోశాడు. ప్రిన్సిపల్ కలెక్టరుగా థామస్ మన్రో వచ్చాడు. ఊరూరికీ మట్టిగోడ, బురుజు ఉన్న కాలం. మరుసటి ఏడే తెర్నేకల్ రైతులు శిస్తు కట్టం పొమ్మన్నారు. ముందు నిలిచినవాడు గౌడప్ప. జనరల్ క్యాంప్‌బెల్ దండు వచ్చింది. తొలి దాడి నిలవలేదు, ఊరివాళ్ళు తిప్పికొట్టారు. మళ్ళీ వచ్చి ఊరిని పట్టుకున్నారు. గౌడప్పను ఉరి తీశారు. వేలూరు సిపాయిల తిరుగుబాటు 1806లోది. ఒక పల్లెటూరు దానికన్నా ఐదేళ్ళు ముందే దండుకు ఎదురు నిలిచింది.

కర్నూలు చరిత్ర అంటే నవాబు చరిత్ర అనుకొని, 1839లో జోరాపురం దగ్గర పట్టుబడిన గులాం రసూల్ ఖాన్ చుట్టూనే తిరిగాను. 1801లో మన పడమటి సీమ కర్నూలు నవాబులది కానే కాదు. ఆదోని 1953 దాకా బళ్ళారి జిల్లాలో ఉంది. ఈ ముక్క పిల్లలకు చెప్పే నేనే, వెతకవలసిన చోట వెతకలేదు.

ఇక 'శిస్తు గలాటా' అన్న మాట. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. నరసింహారెడ్డి తగువు మొదలైందీ తవర్జీ కాడే, అంటే కుంపిణీ ఇచ్చే భరణం కాడే, నెలకు 11 రూపాయల చిల్లర. ఆయనది పోరాటం అయినప్పుడు గౌడప్పది గలాటా ఎట్లవుతుంది? నల్లరేగడి రైతుకు కుంపిణీ అంటే శిస్తుకు వచ్చే అమీల్దారే. పరాయి పాలన అతని గడపకు వచ్చింది ఆ రూపంలోనే. అతను ఎదిరించవలసింది కూడా అక్కడే.

ఏటేటా పిల్లల్ని మంత్రాలయం తీసుకుపోయి, రాఘవేంద్రస్వామి మన్రోతో బృందావనం నుంచి మాట్లాడాడన్న కథ చెప్పేవాణ్ణి. 1827 జూలై 6న మన్రో పత్తికొండలో కలరాతో పోయాడని తేదీతో సహా చెప్పేవాణ్ణి. రాయలసీమ రైతులు బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే ఆయనలో మంచి ఉంది, కాదనను. కానీ పత్తికొండకు ఎంతో దూరం లేని తెర్నేకల్ గురించి ఆ ముప్పై ఏళ్ళలో ఒక్క మాటైనా చెప్పలేదు.

చివరికి తెర్నేకల్‌కు పోయాను. ఆ తాత అప్పటికే లేడు. మనవడు బెంగళూరులో పనిచేస్తున్నాడన్నారు. క్షమించమని అడగడానికి అక్కడ నాకు మనిషి దొరకలేదు.

నాయనా, ఇది నీ కంట పడితే ఒకటి తెలుసుకో. నువ్వు రాసిన ఊరు, పేరు, ఏడాది మూడూ సరైనవే. ఆ ఐదు మార్కులూ నీవి.