అతిథి దేవుడును, ఆరుతున్న అన్నమును

తెలుగునాట క్రైస్తవ గృహములలో బస చేయదలచిన బాటసారి మొదట అభ్యసింపవలసిన విద్య, పొగలు చిమ్ముచున్న కూర యెదుట కన్నులు మూసికొని కూర్చుండుట. 1842లో మిషనరీ హేయరు దొర గుంటూరున అడుగిడినది మొదలు లూథరనులు, ఒంగోలున బాప్తిస్టులు, దోర్నకలున ఆంగ్లికనులు, మెదకున వెస్లియనులు సీమలను పంచుకొన్నట్లే ప్రార్థనల నిడివిని కూడ పంచుకొనిరని నా యనుమానము. 1947లో వీరిలో కొందరేకమై దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిరి గాని, అన్నము చల్లారకముందే ‘ఆమెన్’ అనవలెనను తీర్మానమును ఎవ్వరును ప్రవేశపెట్టినట్లు కానరాదు. ఫిరంగిపురపు ఆర్.సి.ఎం. (రోమను కథోలిక) వారింట సిలువ గుర్తు వేసికొని, నాలుగు మాటలతో ముగించి, వేడిపప్పు మీద నేయి వడ్డింతురు. మతభేదములను గూర్చి నేను నిష్పక్షపాతముగా ఆలోచింపలేకపోవుటకు ఈ నేయియే కారణము.

ఒంగోలు వైపు సంగతి వేరు. 1878లో బాప్తిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలమున గుండ్లకమ్మ యొడ్డున ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మ మిచ్చిన ఆ సీమలో, ఒక్క అతిథికొరకు చేయు ప్రార్థన అంతసేపు పట్టుట విచిత్రమే. నేను దిగిన ఇంటి సంఘపెద్దగారి తల్లి, ఎదుట నున్నవానితో చెప్పుటకు మొగమాటపడు మాటలన్నియు దేవునికి విన్నవించుకొనెడిది.

“తండ్రీ! ఈ బిడ్డ మొగమాటస్థుడు. రెండోసారి అన్నం వద్దంటాడు, ఆ బుద్ధి మార్చు. ఎండన పడి తిరుగుతున్నాడు, గొడుగిస్తే తీసుకోడు. ఇంటికి జాబు రాసుకునే తెలివి దయచెయ్యి.”

ఒక కన్ను ఓరగా తెరచి చూతును గదా, కోడలు కనురెప్ప కదల్పకయే కాలి బొటనవ్రేలితో పిల్లిని కోడికూర గిన్నెకు దూరముగా నెట్టుచుండెను. పరలోకమునకు పోవుచున్న అర్జీకి నడుమ అడ్డుపడి జవాబు చెప్పుట మర్యాద గాదు. తుదను అందరితోపాటు నేనును ‘ఆమెన్’ అంటిని గనుక, షరతులన్నింటికి చేవ్రాలు చేసినట్లే యయ్యెను. వంచిన తల యెత్తకముందే రెండవ వడ్డన విస్తరిలో పడెను.

శనివారపు రాత్రి కుటుంబ ప్రార్థనలో అవ్వ మరియొక మనవి చేర్చినది. “రేపు ఆరాధనకి ఈయన మా మధ్యన ఉండాలి. తెల్లారే బస్సెక్కుతానంటున్నాడు. ఆ బస్సు సంగతి నీకే వదిలేస్తున్నా తండ్రీ.”

మరునాడు కోడికూతవేళ పెట్టె మోసికొని రోడ్డు మీదికి పోగా, బస్సు చెడి పైయూరనే నిలిచిపోయినదని తెలిసినది. ఆ వార్త చెప్పుటకు నేను తిరిగి వచ్చునప్పటికే అవ్వ నావంతు బియ్యము ఎసటిలో పోయించి, గుడికి కట్టుకొనుటకు తన కుమారుని మల్లుపంచెను దండెముమీద సిద్ధముగా నుంచినది.