పింగాణీ మిక్కీలు కొనబోయేవారికి

ముందుగా మిక్కీ సినిమా చూడకండి. చూస్తే బొమ్మ మీద మనసు పడుతుంది, మనసు పడ్డాక బేరం కుదరదు. మనం కొనేది పెట్టుబడి కోసం, ముచ్చట కోసం కాదు.

అట్టపెట్టె మీద ‘లిమిటెడ్ ఎడిషన్’ అని ఉంటే చాలు, ఎంతకు లిమిటెడో అడగకండి. కొన్నిటిని ఇన్ని అని లెక్కకట్టి చేస్తారు. కొన్నిటిని ఫలానా ఏడాదంతా చేస్తూనే పోతారు. 1992లో మొదలైన వాల్ట్ డిస్నీ క్లాసిక్స్ కలెక్షన్ అనే బొమ్మల వరుసకు మరుసటి ఏడాది సభ్యుల సంఘం పెట్టారు. ఆ ఏడు చేరినవాళ్లకు జిమినీ క్రికెట్ అనే కీచురాయి బొమ్మ ఇచ్చారు. ఎంతమంది చేరితే అన్ని కీచురాళ్లు! అయినా ‘అరుదైనది’ అని ఎవరైనా అంటే తల ఊపి డబ్బు తీయండి.

అడుగున ముద్ర చూడకండి. ఆ కలెక్షన్‌లో ఏటా ఒక కొత్త గుర్తు వేసేవారు. అది చూశారంటే ‘మొదటి ఏడాది సరుకండీ’ అన్న పెద్దమనిషి మనసు నొచ్చుకుంటుంది.

బొమ్మను చుట్టూ తిప్పి అసలే చూడకండి. తెర మీద మిక్కీ ఎటు తిరిగినా చెవులు రెండూ గుండ్రంగానే కనిపిస్తాయి. పింగాణీలో ఆ వేషాలు సాగవు, శిల్పి ఏదో ఒక వైపుకి ఓటెయ్యాలి. ఎక్కడ సర్దుకున్నాడో, ఎంత తెలివిగా సర్దుకున్నాడో వెనకనుంచి చూస్తే తెలిసిపోతుంది. అది తెలిసిందా, బొమ్మ నచ్చేస్తుంది. ఇక అమ్మలేరు.

ఏడుగురు మరుగుజ్జుల సెట్‌లో ఆరుగురు మీ దగ్గరుంటే ఆ సంగతి అమ్మేవాడికి మొదటి మాటలోనే చెప్పండి. ధర వేసుకోవడం అతనికి సులువవుతుంది.

ఎత్తేటప్పుడు చెయ్యో తోకో పట్టుకుని ఎత్తండి. ఇలాంటి బొమ్మల్ని ముక్కలు ముక్కలుగా ప్లాస్టర్ అచ్చుల్లో పోతపోసి, పలుచని మట్టితో అతికి, ఆ తరవాతే బట్టీలో కాలుస్తారు. అతుకు ఎంత గట్టిదో తేల్చుకోవాలంటే ఇంతకన్నా దగ్గరి దారి లేదు. విరిగితే క్షణంలో పట్టే జిగురు ఉండనే ఉంది. కొన్నాళ్లకు పచ్చబడుతుంది, పాతదనం వచ్చిందని చెప్పుకోవచ్చు. అల్ట్రావయొలెట్ టార్చి ఉన్న స్నేహితుణ్ని మాత్రం ఇంటికి పిలవకండి. చీకట్లో ఆ వెలుగు పడితే అతుకులూ పైపూత రంగులూ తరచు వేరేగా మెరుస్తాయి.

అట్టపెట్టె, సర్టిఫికెట్ పాత పేపర్లవాడికి వేసెయ్యండి. నంబరు వేసిన బొమ్మకు ఆ కాగితమే సాక్షి అంటారు గానీ, అలమరలో చోటు ముఖ్యం.

చివరికి అమ్మకానికి పెట్టినప్పుడు కొన్నదానికి మూడింతలు రాయండి. 1990లలో కొన్న ఆ బొమ్మల్లో చాలావాటిని ఇప్పుడు అప్పటి దుకాణం ధరకన్నా తక్కువకే అమ్ముతున్నారు. మీరు మాత్రం పైసా తగ్గకండి.