దేవదూతలకి వాస్తు

ఈ చేపకి ఏంజెల్ అని పేరు పెట్టిన మహానుభావుడు కవరు ముడి విప్పి కొత్తదాన్ని పాతదాని ముందు వదిలి చూసి ఉండడు. నేను చూశాను. పదకొండు రోజులుగా చూస్తూనే ఉన్నాను. ఆఫీసుకి ఆలస్యంగా పోతున్నాను, కాఫీ చల్లారాక తాగుతున్నాను, అర్ధరాత్రి లేచి టార్చి వేసి ఎవరు ఉన్నారో ఎవరు పోయారో లెక్క చూసుకుంటున్నాను.

మా తొట్టిలో ఏడాదిగా ఒక నల్ల ఏంజెల్ ఉంది. సాసరంత ఉంటుంది. మగో ఆడో గుడ్లు పెడితే గానీ తేలదట. మా అపార్టుమెంటులో అందరి పార్కింగు మీదా అజమాయిషీ చేసే పెద్దమనిషి గుర్తొచ్చి 'ప్రెసిడెంటుగారు' అని పిలుచుకుంటున్నాం. పాపం ఒంటరిగా ఉన్నారు కదా అని వెండిరంగు మీద నల్లచారలున్నదాన్ని ఒకదాన్ని తెచ్చాను. కవరుని ఇరవై నిమిషాలు నీళ్ళమీద తేలనిచ్చాను. కప్పు కప్పు చొప్పున తొట్టినీళ్ళు అందులో కలిపాను. కొత్తకోడలి చేత కుడికాలు పెట్టించేవాళ్ళు కూడా అంత శ్రద్ధ చూపరు. వదిలిన నాలుగో నిమిషంలో ప్రెసిడెంటుగారు వచ్చి తోక కొరికారు.

అప్పట్నుంచీ ఇదే వరస. కొత్తది పై మూలన, హీటరు వెనకాల, ఒళ్ళు వాల్చి నక్కి ఉంటుంది. మేతగింజ కోసం మూతి బయటపెడితే చాలు, ఫిల్టరు గొట్టం దగ్గర్నుంచి నల్లటి మెరుపు. దాని పొట్టకింద మీసాల్లా వేలాడే రెండు రెక్కల్లో ఒకటి సగానికి తెగింది.

హీటరంటే గుర్తొచ్చింది. బెజవాడలో హీటరు కొన్నవాణ్ణి నేను. ఏంజెల్‌కి నీళ్ళు 26 నుంచి 28 డిగ్రీలుండాలని కొట్టతను చెబితే కొన్నాను. మే నెలలో మా ట్యాంకు నీళ్ళు అంతకు మించే ఉంటాయని ఇద్దరికీ తెలుసు. అయినా అతను అమ్మాడు, నేను కొన్నాను. దాక్కోవడానికైనా పనికొచ్చింది, పోనీ.

కొట్టుకి వెళ్ళి మొర పెట్టుకున్నాను. "అది సిక్లిడ్ సార్. తిలాపియా ఉంది చూడండి, దానికి చుట్టం. చోటు నాదంటే నాదే అంటుంది" అన్నాడు. ఈ చుట్టరికం అమ్మేటప్పుడు చెప్పలేదేమయ్యా అంటే, "సంబంధం కుదిర్చేటప్పుడు చుట్టాలందరి సంగతీ చెబుతారా సార్?" అన్నాడు. ఒక్కదాన్నే తేవడం నా తప్పట. ఒక్కటే వస్తే తన్నులన్నీ దానికే. నాలుగైదు ఒకేసారి వస్తే తలాకాస్త పడతాయట. ఐదారింటికి రెండొందల లీటర్ల తొట్టి కావాలట. నాది వంద. పెద్ద తొట్టి తన దగ్గరే ఉందట. నేను కదలకపోయేసరికి, పైసా ఖర్చులేని సలహా అయిష్టంగా బయటపెట్టాడు. "నల్లదాన్ని రెండ్రోజులు వేరే పెట్టండి. ఈలోగా రాళ్ళూ మొక్కలూ అన్నీ చోటు మార్చేయండి. దాని చోటేదో దానికే తెలీకూడదు. తర్వాత లైటాపేసి వదలండి."

ఈ మాట ఇంట్లో చెప్పడం నా రెండో తప్పు.

"అంటే వాస్తు అన్నమాట" అన్నారు మా మావగారు.

ఆయన మా ఇంటికొచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి కదులుతుంది. మొదటిసారి మంచం. తల ఉత్తరానికుందని తిప్పించారు. తిప్పాక తలుపు సగమే తెరుచుకునేది. ఆర్నెల్లపాటు మేమిద్దరం పడగ్గదిలోకి పక్కకి తిరిగి, ఏంజెల్ చేపల్లాగే వెళ్ళాం. రెండోసారి బీరువా నైరుతికి పోయింది. ప్లగ్గులన్నీ దాని వెనక్కి పోయాయి. ఆనాటి నుంచీ మా ఫోన్లు వంటింట్లో పోపుడబ్బా పక్కన చార్జింగవుతున్నాయి. మూడోసారి పొయ్యి. అది సలక్షణంగా ఆగ్నేయంలోనే ఉంది. అయినా వచ్చినందుకు రెండంగుళాలు జరిపించారు. నాలుగోసారి ఈ తొట్టి. నీళ్ళు ఈశాన్యంలో ఉండాలిట. వంద లీటర్లంటే వంద కిలోలు, గాజూ గులకరాళ్ళూ అదనం. బకెట్లతో తోడిపోసి, ప్రెసిడెంటుగారిని స్టీలుబిందెలో కూర్చోబెట్టి, ఈశాన్యానికి మోశాం. తొట్టి చేరింది గానీ నా నడుము ఇంకా నైరుతిలోనే ఉంది. మా ఇంట్లో వాస్తుకి కదలనివి బ్యాంకు వాయిదాలొక్కటే.

సరే, ఐదోసారి తొట్టి లోపలికే దిగారు. ప్రెసిడెంటుగారు ఎయిర్‌పంపు పెట్టిన బకెట్లోకి మారారు. నేను మోచేతి దాకా నీళ్ళలో చెయ్యి పెట్టి ఉంటే, మావగారు కుర్చీలోంచి దిక్కులు చెప్పారు. బరువు నైరుతికని పెద్దరాయి ఆ మూలకి పోయింది. మొక్కలు ఇటొచ్చాయి.

రెండ్రోజులయ్యాక, లైటాపి ప్రెసిడెంటుగారిని వదిలాను. తిన్నగా తన రాయి దగ్గరికెళ్ళారు. అక్కడ రాయి లేదు. ఆగారు. తొట్టంతా ఒక చుట్టు తిరిగారు. ఆయన వెతుకులాటలో ఆయనుండగా, కొత్తది హీటరు వెనకనుంచి మెల్లగా నడిమధ్యకొచ్చింది. వచ్చిన పదకొండో రోజున, మొదటిసారి.

ఆ చీకట్లో కూర్చుంటే నాన్న గుర్తొచ్చాడు. అమ్మ పోయాక ఊళ్ళో ఇల్లు అద్దెకిచ్చి మా దగ్గరికొచ్చాడు. గదిచ్చాం, మంచమిచ్చాం. ఎవరం ఒక్క మాట అనలేదు. కానీ హాల్లో సోఫాకి ఈ మూల నాది, ఆ మూల మా ఆవిడది, మధ్యన పిల్లల పుస్తకాలు. నాన్న బాల్కనీ తలుపు దగ్గర నిలబడి పేపరు చదివేవాడు. కూర్చోవేం నాన్నా అంటే, "ఇక్కడ వెలుతురు బాగుందిరా" అనేవాడు. ఏడాదిన్నర ఉన్నాడు. బీరువాలు జరిపిన ఇంట్లో ఆయన కోసం ఒక్క కుర్చీ జరపలేదు మేము.

ప్రెసిడెంటుగారు ఇప్పటికీ తరుముతూనే ఉన్నారు. కొరకడం మాత్రం లేదు. ఏంజెల్ తెచ్చుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: ముందు రాళ్ళు కదపండి, తర్వాత కవరు విప్పండి.