సొమ్మొకడిది, సోకొకడిది

ఇల్లు కట్టి అద్దెల మీద బతకడం పాత చింతకాయ పచ్చడి. కుళాయి కారుతుంది, అద్దెకున్నాయన ఫోనెత్తడు, పన్ను నోటీసు మాత్రం ఠంచనుగా వస్తుంది. తెలివైనవాడు ఇల్లు కొనడు, ఇంటి కోసం ఎవడో చేసిన అప్పును కొంటాడు. వాడు పాతికేళ్లు ఒళ్లు హూనం చేసుకుని వాయిదాలు కడుతుంటే వీడు కాలు మీద కాలేసుకుని వడ్డీ లెక్కపెట్టుకుంటాడు. "రిస్కేముంది సార్, ఇల్లే హామీ కదా!" అని మదుపు సలహాదారు భరోసా.

ఈ మాటను అమెరికా నమ్మినంతగా ఎవరూ నమ్మి ఉండరు. గృహరుణాలను కట్టగట్టి మదుపరులకు అమ్మడం అక్కడ 1970లో ప్రభుత్వ సంస్థ జిన్నీ మే పూచీతో మొదలైంది. వెనక ప్రభుత్వం ఉంది కాబట్టి అప్పటికి బుద్ధిగానే నడిచింది. తర్వాత వాల్‌స్ట్రీట్ చేయి పడింది. ఇచ్చిన అప్పు ఎలాగూ అమ్మేసుకునేదే అయినప్పుడు తీసుకునేవాడి మంచీచెడ్డా బ్యాంకుకెందుకు? ఉద్యోగం, ఆదాయం, ఆస్తి ఏవీ లేని మహానుభావులకు కూడా అప్పులు పుట్టాయి. వాటికి నింజా రుణాలని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు.

అసలు విద్య ఆ తర్వాతది. అప్పులన్నీ కట్టగట్టి పొరలు పొరలుగా కోశారు. నష్టమొస్తే ముందు మునిగే అడుగు పొరలు ఎవరూ కొనకపోతే వాటన్నిటినీ పోగేసి మళ్లీ కోశారు. చిత్రం, ఆ అడుగులోంచి కూడా అందరికన్నా మెరుగైన ఏఏఏ రేటింగున్న పై పొర పుట్టుకొచ్చింది! రేటింగుకు ఫీజు కట్టేది అమ్ముకునేవాడే కాబట్టి పేచీలేం రాలేదు. 2006లో రేటింగు సంస్థల్లో ఒక్క మూడీసే పనిదినానికి 30 చొప్పున తనఖా పత్రాలకు ఆ ముద్ర వేసింది. వాటిలో 83 శాతం తర్వాత దిగజారాయి. 2010 మొదట్లో అమెరికా మొత్తమ్మీద అదే రేటింగున్న ప్రైవేటు కంపెనీలు ఆరంటే ఆరు.

మరి హామీగా ఉన్న ఇళ్లో? వాయిదాలు ఆగి ఊళ్లకు ఊళ్లే వేలానికొస్తే కొనే నాథుడేడీ? ధరలు పాతిక శాతానికి పైగా పడిపోయాయి.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. వాల్‌స్ట్రీట్ చుట్టరాయుడికి ముందుచూపు ఎక్కువ. అంటుకునేలా ఉన్న కొంపలేవో చూసి, వాటి మీద ముందే బీమా చేయించుకున్నాడు. 2007 ఏప్రిల్‌లో గోల్డ్‌మన్ శాక్స్ తయారుచేసిన 'అబాకస్' ఇలాంటిదే. ఏ రుణాలు మునుగుతాయో వాటి మీద పందెం కాసిన పాల్సన్ హెడ్జ్ ఫండ్, కట్టలో ఏమేం పెట్టాలో ఎంచడంలో చేయి కలిపింది. ఆ సంగతి కొన్నవాళ్లకు చెప్పలేదు. ఏడాది తిరక్కుండానే, 2008 జనవరి చివరికి, అందులో 99 శాతం రుణపత్రాల రేటింగు దిగజారింది. జర్మనీ బ్యాంకు ఐకేబీకి సుమారు 15 కోట్ల డాలర్లు గల్లంతు. పాల్సన్‌కు మిగిలింది సుమారు వంద కోట్ల డాలర్లు. ఆయన మీద అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ కేసు పెట్టలేదు. 2010లో గోల్డ్‌మన్ 55 కోట్ల డాలర్లు కట్టి, ప్రచార పత్రంలో సమాచారం పూర్తిగా ఇవ్వకపోవడం పొరపాటేనని ఒప్పుకుని చేతులు దులుపుకుంది. పొరపాటట! పచారీ కొట్టులో తూకం రాయి మార్చినవాణ్ని మనం ఇంత మర్యాదగా పిలవం.

ఇలాంటి బీమాలు అడిగినవాడికల్లా అమ్మిన ఏఐజీని 2008 సెప్టెంబరులో 8,500 కోట్ల డాలర్ల అప్పుతో ఒడ్డున పడేసింది అమెరికా కేంద్ర బ్యాంకు. ప్రైవేటు తెలివికి సర్కారు పూచీ.

ఈ అప్పుల కట్టల సరుకు మన స్టాక్ ఎక్స్ఛేంజి ఎన్‌ఎస్‌ఈలోనూ 2025 మేలో అడుగుపెట్టింది. ఎల్ఐసీ హౌసింగ్ ఫైనాన్స్ గృహరుణాల కట్ట, విలువ వెయ్యి కోట్ల రూపాయలు. దాన్నీ నింజా రుణాలనూ ఒకే గాటన కట్టడం అన్యాయం, కట్టను కూడా. అయితే రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం గృహరుణాలు అమ్ముకునేవాడు తన దగ్గర ఉంచుకోవాల్సింది కనీసం 5 శాతం. తక్కిన 95 కొన్నవాడి నెత్తిన పెట్టొచ్చన్నమాట.

అందుకని, ఎవరైనా నిగనిగలాడే రంగుల బ్రోచరు చేతిలో పెడితే రేటింగు సంగతి తర్వాత చూడండి. ఈ అప్పులు ఏరిందెవరు, ఇవి మునిగితే లాభపడేదెవరు, ఇందులో మీ సొంత డబ్బెంత అని ముందు అడగండి. నీళ్లు నమిలితే చెక్కుబుక్కు బయటికి తీయకండి.