నింద మాత్రం నాకే

నా పేరు పవర్‌గ్లైడ్. చెవ్రొలెట్ కంపెనీ 1950లో తన కార్లకు పెట్టడం మొదలుపెట్టిన రెండు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు వంశం మాది. తొలితరం వాళ్లకు పోత ఇనుము ఒళ్లు. 1962 నుంచి అల్యూమినియం ఒళ్లు వచ్చింది, బరువు తగ్గింది. నేను 1968 నోవా కారు కింద బిగిసి రోడ్డెక్కినదాన్ని. 1973 దాటాక కొత్త కార్లకు మమ్మల్ని పెట్టడం మానేశారు. మూడు గేర్ల వాళ్లు వచ్చారు. పిల్లల్ని బడిలో దించి సరుకులు తెచ్చుకునే కారుకు రెండు గేర్లు చాలవన్నారు. ఆ మాట నిజమే.

అయినా ఆ రెండు గేర్ల కోసమే నన్ను ఏరికోరి తెచ్చుకునేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. వాళ్లు డ్రాగ్ రేసర్లు. తిన్నటి దారి మీద రెండు కార్లు పక్కపక్కన ఆగుతాయి. స్తంభం మీద మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి, ఆ వెంటనే పచ్చదీపం. అక్కణ్ణుంచి 1320 అడుగులు, అంటే పావు మైలు. ముందు చేరినవాడిది గెలుపు. అమెరికాలో వీధుల్లో సాగే ఈ పోటీలకు ఒక పద్ధతీ భద్రతా తేవాలని వాలీ పార్క్స్ 1951లో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంఘం పెట్టాడు.

నా నోవాను కొన్నది ఒహాయోలో వెల్డింగ్ పని చేసుకునే కుర్రాడు. పాత ఇంజిన్ పీకేసి 454 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ దించాడు. మన లెక్కలో 7.4 లీటర్లు. అందులో పెద్ద క్యామ్‌షాఫ్టు, పైన పెద్ద కార్బురేటర్. నన్ను మాత్రం ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేశాడు. మొదటి తగాదా అక్కడే వచ్చింది.

నేను మామూలు కారులో ఉన్నప్పుడు గేరు ఎప్పుడు మార్చాలో రెండు కబుర్లు విని నిర్ణయించుకుంటాను. కారు ఎంత జోరుగా పోతోందో గవర్నర్ చెబుతుంది. కాలు యాక్సిలరేటర్‌ను ఎంత తొక్కిందో కార్బురేటర్ నుంచి వచ్చే కడ్డీ చెబుతుంది. ఇవి కాక మాడ్యులేటర్ అని ఇంకొకటుంది. ఇంజిన్ పీల్పు, అంటే వ్యాక్యూమ్, ఎంతుందో చూసి నాలోని ఆయిల్ ఒత్తిడిని అది పెంచుతుంది, తగ్గిస్తుంది. పీల్పు తగ్గిందంటే ఇంజిన్ మీద బరువు పడిందని దాని లెక్క. అప్పుడు ఒత్తిడి పెంచి క్లచ్‌ను గట్టిగా పట్టిస్తుంది.

కొత్త కార్బురేటర్‌కు ఆ కడ్డీ అతకలేదు. వైరుతో కట్టి వదిలేశారు. నాకు అందే కబురు తప్పు కబురు. కాలు నేలకు తొక్కి ఉన్నా మెల్లగా పోతున్నారనుకుని తొందరగా పెద్ద గేరుకు వెళ్లేదాన్ని. ఇంజిన్ నీరసపడిపోయేది. అటు పెద్ద క్యామ్ వల్ల ఐడిల్‌లో కూడా పీల్పు సరిగా నిలవదు. మాడ్యులేటర్ అదంతా బరువేనని నమ్మి ఒత్తిడి పెంచేసేది, నెమ్మదిగా పోతున్నప్పుడూ గేరు ధడేల్‌మని పడేది. "గేర్‌బాక్సు పోయింది" అన్నారు చూసినవాళ్లందరూ.

పోలేదని చెప్పింది గేర్‌బాక్సులు విప్పి కట్టే ఒక పెద్దాయన. ఆయన చేతికి రెంచి రాకముందు నా మాడ్యులేటర్‌కు వచ్చే రబ్బరు గొట్టం వచ్చింది. ఊడదీసి లోపల వేలు పెట్టి చూశాడు. ఆ గొట్టంలో ఎర్ర ఆయిల్ కనిపిస్తే లోపలి పొర చిరిగినట్టు. నా ఆయిల్‌ను ఇంజిన్ పీల్చేసి పొగగొట్టంలోంచి తెల్లపొగ వదులుతుంది. గొట్టం పొడిగా ఉంది. వ్యాక్యూమ్ గేజి తగిలించాడు, ముల్లు వణుకుతూ కిందకే ఉంది. "దీనికి జబ్బు లేదు, దీనికి కబురు సరిగా అందట్లేదు" అన్నాడు. ఆ మాటకు ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

తర్వాత నన్ను రేసు కోసం విప్పి మళ్లీ కట్టాడు. పెద్ద గేరు క్లచ్‌లో ప్లేట్లు పెంచాడు. మాన్యువల్ వాల్వ్ బాడీ పెట్టి, ఎప్పుడు మారాలో నిర్ణయించే పని నా దగ్గర తీసేసి లివరు పట్టినవాడికి ఇచ్చాడు. ముందుకు పోయే గేరు, వెనక్కి పోయే గేరు ఒకేసారి పట్టించి కారును కట్టిపడేసే ట్రాన్స్‌బ్రేక్ అమర్చాడు. బటన్ వదిలితే బండి దూకుతుంది.

దూకింది. టాకోమీటర్ ముల్లు కూడా ఎగిరిపడింది. బయల్దేరగానే ఒకసారి, గేరు మారేచోట ఇంకోసారి ఇంజిన్ అరిచేది, బండి మాత్రం అంత వేగం అందుకునేది కాదు. మళ్లీ నింద నా మీదికే వచ్చింది. క్లచ్ కాలిపోయిందన్నారు, దించి విప్పమన్నారు.

ముల్లు ఎగరడానికి రెండు కారణాలుంటాయి. నా లోపల పెద్ద గేరు పట్టే క్లచ్చో, చిన్న గేరులో డ్రమ్మును చుట్టి పట్టే బ్యాండో జారుతూ ఉండాలి, లేదా నేను బలమంతా పంపిస్తున్నా వెనక టైర్లు నేల మీద జారుతూ ఉండాలి. డ్రైవరు కళ్లకు, చెవులకు రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఎంత అనుభవజ్ఞుడైనా సీట్లో కూర్చుని ఈ తేడా పసిగట్టడం కష్టం. ఇది తేల్చకుండా గేర్‌బాక్సు దించితే డబ్బూ శ్రమా రెండూ మట్టిపాలే.

పెద్దాయన ముందు నా అడుగున ఆయిల్ నిలిచే పాన్ విప్పాడు. ఆయిల్‌ను తెల్లగుడ్డ మీద పోసి ఎండలో పట్టి చూశాడు. ఎర్రగా ఉంది, మాడు వాసన లేదు. పాన్ అడుగున వేలితో రాస్తే పలచటి బూడిదరంగు జిడ్డు అంటింది. అంతమాత్రం అరుగుదల అందరికీ ఉండేదే. క్లచ్ కాలితే నల్లటి పొడి దొరుకుతుంది, బుష్‌లు అరిగితే ఇత్తడి మెరుపు కనిపిస్తుంది. రెండూ లేవు. తర్వాత బ్యాండు చూశాడు. కంపెనీ పుస్తకం ప్రకారం స్క్రూను 70 అంగుళ-పౌండ్లకు బిగించి, వాడిన బ్యాండయితే సరిగ్గా నాలుగు చుట్లు వెనక్కి తిప్పాలి. అదీ సరిగానే ఉంది.

అప్పుడు నా నుంచి వెనక చక్రాలకు తిరుగుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్టుకు అయస్కాంతాల పట్టీ చుట్టి, పక్కన సెన్సార్ బిగించాడు. నా జీవితంలో నాకు దొరికిన సాక్షి అదే. ఇంజిన్ తిరుగుడు ఒక గీత, షాఫ్టు తిరుగుడు ఒక గీత, ఒకే కాగితం మీద. చిన్న గేరులో నా నిష్పత్తి 1.76. షాఫ్టు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే నా లోపలికి 5280 రావాలి. ఇంజిన్ 5600 చూపిస్తే మధ్యలో ఉన్న తేడా, ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా నాకు అందించే టార్క్ కన్వర్టర్‌ది, అది సహజం. టైర్లు జారితే రెండు గీతలూ కలిసే ఎగురుతాయి. నేను జారితే ఇంజిన్ గీత ఒక్కటే ఎగురుతుంది, షాఫ్టు గీత దాని దారిన అది పోతుంది.

కాగితం చూశారు. బయల్దేరినచోట రెండు గీతలూ కలిసి ఎగిరాయి. అది టైర్ల పని. గేరు మారినచోట ఇంజిన్ గీత ఒక్కటే ఎగిరింది. అది నా దగ్గరి లోటే.

ఆ లోటు కూడా ప్లేట్లలో లేదు. బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టు, బండి దూకినప్పుడు నా పాన్‌లో ఆయిల్ అంతా వెనక్కి పోతోంది. పంపు పీల్చేచోట ఆయిల్ తగ్గి గాలి దొరుకుతోంది. బ్యాండు వదిలి క్లచ్ పట్టే ఆ రెప్పపాటులో నాకు ఒత్తిడి పూర్తిగా ఉండాలి, అప్పుడే అది పడిపోతోంది. లోతైన పాన్, కిందకి దిగే ఫిల్టరు పెట్టి, ఆయిల్‌ను ఇంజిన్ నడుస్తుండగా వేడి మీద కొలిచి పోశాక ఆ గీత సర్దుకుంది. ఎక్కువ పోసినా ముప్పే. తిరిగే భాగాలు చిలికి నురగ చేస్తాయి, నురగతో ఒత్తిడి నిలవదు.

టైర్ల పట్టు సంగతి ఇంకా ఓపికతో కూడిన పని. నన్ను ఎంచుకోవడానికి ఒక కారణం కూడా అదే. వెనక యాక్సిల్‌లో గేరు నిష్పత్తి 4.10 అనుకుంటే, కన్వర్టర్ పెంచేది పక్కన పెడితే, చిన్న గేరులో నేను ఇంజిన్ బలాన్ని సుమారు 7.2 రెట్లు చేసి టైర్లకు పంపుతాను. మూడు గేర్ల టర్బో 400 అయితే 10.2 రెట్లు చేస్తుంది. బలమైన ఇంజిన్‌కు అంత గుద్దు అక్కర్లేదు, టైరు తట్టుకోదు. అయినా నా 7.2 కూడా ఈ ఇంజిన్‌తో టైర్లకు ఎక్కువైంది.

పెద్దాయన దారి మీద పడిన నల్లచారల దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గాట్లు లేని నున్నటి మెత్తటి స్లిక్ టైర్లవి. చార నడుమ నల్లగా ఉండి అంచులు పలచబడితే గాలి ఎక్కువ, అంచులు నల్లబడి నడుమ పలచబడితే గాలి తక్కువ. ఇక్కడ నడుమే నల్లగా ఉంది. అర పౌండు చొప్పున గాలి తగ్గించారు. ఎడమచార కంటే కుడిచార పలచన. షాఫ్టు మెలితిప్పే బలానికి కుడి వెనక చక్రం తేలికైపోతుంది, అందుకని వెనక యాక్సిల్‌ను పట్టి ఉంచే కడ్డీల్లో కుడివైపుదానికి, అంటే కుడి లాడర్ బార్‌కు, ముందే కాస్త ఒత్తిడి పెట్టారు. ముందు షాక్ అబ్జార్బర్లు తేలిగ్గా లేచేలా చేస్తే బరువు వెనక టైర్ల మీదికి జరిగింది. ట్రాన్స్‌బ్రేక్ వదిలేటప్పటి ఇంజిన్ వేగాన్ని తగ్గించారు. ఒక్కోసారి ఒక్కటే మార్చి, మొదటి 60 అడుగులకు పట్టిన సమయం చూసుకున్నారు. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. చివరికి షాఫ్టు గీత మిట్టలు లేకుండా ఏటవాలుగా ఎక్కింది.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. 1970 మార్చి 8న కాలిఫోర్నియాలోని లయన్స్ డ్రాగ్ స్ట్రిప్‌లో డాన్ గార్లిట్స్ డ్రాగ్‌స్టర్‌లోని రెండు గేర్ల పెట్టె బయల్దేరినచోటే పేలిపోయింది. కారు రెండు ముక్కలైంది. ఆయన కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. ఆ రోజుల్లో ఇంజిన్, గేర్‌బాక్సు డ్రైవరు ముందు, కాళ్ల దగ్గరే ఉండేవి. ఆయన కోలుకుని ఇంజిన్‌ను డ్రైవరు వెనక పెట్టిన కారు కట్టాడు, 1971లో దానితోనే పోటీలు గెలిచాడు. ఆ తర్వాత మిగతావాళ్లూ అదే బాట పట్టారు.

నోవాలో నేను ఇప్పటికీ డ్రైవరు కాళ్ల పక్కనే ఉంటాను. నాలో డ్రమ్ము వేల చుట్లు తిరుగుతుంది, అది పగిలితే అల్యూమినియం ఒళ్లు ఆపలేదు. అందుకే గేరు సరిగా పడటంలేదని నన్ను దించిన ప్రతిసారీ, తిరిగి ఎక్కించేటప్పుడు నా చుట్టూ కట్టే కవచాన్ని, ఇంజిన్‌ను కన్వర్టర్‌కు కలిపే ఫ్లెక్స్‌ప్లేట్ మీది ఇనుప కవచాన్ని, వాటి మీద గడువు తేదీని చూడండి. గడువు దాటి ఉంటే మార్చండి. అప్పటిదాకా ఆ బండిని స్ట్రిప్ మీదికి తీసుకెళ్లకండి.