మామగారి పానా, కిరాణా కొట్టు రాళ్లు

ఉప్పల్ నుంచి నాచారం దాకా ఏ షెడ్డులోకైనా వెళ్లి నట్టు ఎంత బిగించాలని అడగండి. "ఇంక తిరగనంత" అని ఒకరంటారు. "కిర్రుమన్నంక ఇంకో పావు చుట్టు" అని ఇంకొకరంటారు. "చేతికి తెలుస్తది సార్" అన్నవాడే అక్కడ మేస్త్రీ. ఆ చేతిని అనుమానిస్తే అతని వంశాన్ని అనుమానించినట్టే. ముందే అంకె పెట్టించుకుని, అంతకు రాగానే "టక్" మని చెప్పే టార్క్ పానాని మాత్రం ఏడాదికోసారో, అయిదు వేల సార్లు వాడాకో పరీక్షకు పంపాలంటారు. లెక్క చెప్పేవాడికే ఆడిట్. చెప్పనివాడికి సన్మానం.

మా ఇంట్లో ఉన్న టార్క్ పానా మామగారిది. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఫోర్‌మన్‌గా చేసినప్పుడు కొనుక్కున్నారు. అరంగుళం చదరపు తల, 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల దాకా గీతలు, మోస్తే భుజం గుర్తుపెట్టుకునే ఇనప్పెట్టె. ఆయన దాన్ని ఎప్పుడూ 150 గీత మీదే వదిలేసి పెట్టెలో పెట్టేవారు. మళ్లీ మళ్లీ తిప్పడం దండగట. పిడి తిప్పి అంకె పెంచితే లోపల స్ప్రింగు నొక్కుకుంటుంది. ఏళ్ల తరబడి అలాగే నొక్కి ఉంచితే దాని బిగువు సడలి, చెప్పిన అంకెకు ముందే టక్కుమంటుంది. వాడాక అట్టడుగు గీతకు తిప్పి పెట్టాలన్నది ఈ పరికరానికి ఆచారం. ఆయన బతికుండగా ఆ మాట చెప్పే అల్లుడు ఎవరూ లేరు, నాతో సహా.

నాచారం, మల్లాపూర్ చుట్టుపక్కల ఇలాంటి పరికరాలను పరీక్షించే, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులు దొరక్కపోవు. పానాని ఇస్తే సర్టిఫికెట్‌తో తిరిగొస్తుంది. కానీ నాలా రిటైరైనవాడి దగ్గర దండిగా ఉండేది టైమొక్కటే. అది వదిలేసి డబ్బు ఖర్చు పెట్టడం ఏం న్యాయం?

ఇంటి పద్ధతి తేలికే. పానా తలలోని చదరాన్ని బెంచ్ వైసులో బిగించి, పిడి నేలకు సమాంతరంగా ఉండేట్టు చూసి, బిగించే దిక్కుకే లాగేట్టు పిడికి తెలిసిన బరువు వేలాడదీయాలి. బరువును దూరంతో హెచ్చిస్తే టార్కు. తెలిసిన బరువు ఎక్కడ దొరుకుతుందన్నదే చిక్కు.

మా సందు చివర కిరాణా కొట్లో ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక, పాత ఇనప రాళ్లు టార్పాలిన్ ఎగిరిపోకుండా కాపలా కాస్తున్నాయి. "రెండు పది కిలోల రాళ్లు ఇస్తారా? కొలత సరిగ్గా ఉందో లేదో చూడాలి" అన్నాను. కొట్టాయన మొహం పాలిపోయింది. "సార్, మీరు తూనికలు కొలతల డిపార్టుమెంటా? ఇన్నేండ్లు చెప్పనే లేదు!" కాదని నమ్మించడానికి అరకిలో కందిపప్పు కొనాల్సి వచ్చింది. నమ్మకం కుదిరాక ఆయనే ఉత్సాహంగా రాళ్లను తన కాటా మీద పెట్టి చూపించాడు. ఒక్కోటీ పదికి అటూ ఇటూ గ్రాముల్లోనే ఉంది. ఆ కాటాకు సర్కారు ముద్ర ఉంది. ఆ ముద్ర వేసినవాళ్ల రాయిని ఎవరు తూచారని అడగబోయి, మళ్లీ పప్పు కొనాల్సి వస్తుందని ఊరుకున్నాను.

తర్వాత భూమి లాగుడు లెక్క. బళ్లో 9.81 అని బట్టీ పట్టాం. హైదరాబాద్ భూమధ్యరేఖకు దగ్గర, పైగా సముద్రమట్టానికి అయిదు వందల మీటర్ల ఎత్తున ఉంది. అందుకే ఇక్కడ అది 9.78. ఈ లాగుడును కొలిచి పటాలు గీసే ఎన్‌జీఆర్‌ఐ 1961లో పుట్టింది, ఉంటున్నది మన ఉప్పల్ రోడ్డులోనే. దాని పేరుతో మెట్రో స్టేషన్ కూడా ఉంది. తేడా వెయ్యికి మూడు పాళ్లేనని ఇంట్లో చెబితే, "అయితే ఉప్పల్‌కు వచ్చాక నేను బరువు తగ్గినట్టేగా" అంది మా ఆవిడ. కాటా ప్రకారం కాదని చెప్పేంత తెలివితక్కువవాణ్ని కాను.

ఇంకో సంగతి చాలామంది వదిలేస్తారు. పానాకూ సొంత బరువుంది. మాది 1.3 కిలోలు. వేలి మీద నిలబెడితే తల నుంచి 20 సెంటీమీటర్ల దగ్గర తూగింది. అంటే రాళ్లు పెట్టకముందే రెండున్నర న్యూటన్ మీటర్లు ఖాతాలో పడ్డాయి. అది కలుపుకుంటే, 80 గీత మీద పెట్టినప్పుడు 20 కిలోలు 39.6 సెంటీమీటర్ల దూరంలో ఉండగా టక్కుమనాలి.

రాళ్లు కట్టిన తాడును తల వైపు నుంచి మెల్లగా బయటికి జరుపుతూ పోయాను. 42 దాటినా ఉలుకూ పలుకూ లేదు. లోపల గ్రీజు ఎండిపోతే ఇలాగే మొరాయిస్తుంది. రాళ్లు దించి, చేత్తో కొన్నిసార్లు టక్కుటక్కుమనిపించాక దారికొచ్చి 37.5 దగ్గరే పలికింది. మళ్లీ మళ్లీ చూసినా అక్కడే. లెక్క వేస్తే 76. అంటే 80 అని చెప్పి 76కే చేతులెత్తేస్తోంది. ఐఎస్ఓ 6789 ప్రమాణం ఈ రకం పానాకు అటూ ఇటూ నాలుగు శాతం దాకా మన్నిస్తుంది. మాది అయిదు దాటింది. ఫెయిల్.

"మా నాన్న పానా ఎన్నడూ తప్పు చెప్పలేదు. ఆ రాళ్లే తప్పు" అని మా ఆవిడ తీర్పు. పుట్టింటి వస్తువుకు ఐఎస్ఓ వర్తించదు.

ఆ సమయానికి మా వీధి మెకానిక్ వచ్చాడు. కథంతా విని, "నాలుగు పాయింట్ల కోసం గింత లొల్లా సార్?" అన్నాడు. చెబుతూనే నా కారు చక్రం నట్టు తీసి, బోల్టుకు ఇంజనాయిలు రాశాడు. కొంప మునిగేది అక్కడే. బిగించే శక్తిలో దాదాపు సగం నట్టు కింది రాపిడి తినేస్తుంది. మరో నలభై పాళ్లు చూడీల రాపిడికి పోతాయి. బోల్టును సాగదీసి నిజంగా పట్టి ఉంచేది పదో వంతే. నూనె రాసి రాపిడి తగ్గిస్తే, అదే టక్కుకు బోల్టు మీద పడే లాగుడు పాతిక శాతం పైనే పెరగొచ్చు. చక్రాల నట్లకు పొడి చూడీల లెక్కనే కంపెనీలు అంకెలిస్తాయి. నేను పూటంతా కూర్చుని పట్టిన అయిదు శాతాన్ని ఆయన ఒక్క చుక్కతో మింగేశాడు. తుడిచెయ్యమన్నాను. "తుప్పు పడ్తది, మీ ఇష్టం" అని తుడిచాడు, నా చదువు మీద జాలితో.

పానా పెట్టె మూతకు లోపల చీటీ అంటించాను: "80 కావాలంటే 84 పెట్టవలెను. మిగతా గీతలు ఇంకా చూడలేదు." చక్రాల నట్లకు ఇది చాలు. ఇంజన్ హెడ్డు విప్పే రోజొస్తే మాత్రం ల్యాబుకే. మీ ఇంట్లోనూ పెద్దవాళ్ల టార్క్ పానా ఉంటే పరీక్ష సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడే వెళ్లి అట్టడుగు గీతకు తిప్పి పెట్టండి. అంతకన్నా కిందికి మాత్రం తిప్పకండి, లోపలి భాగాలు జారిపోతాయి.